ఐపీ పెట్టినవాడి ఆస్తిలో ముందు వాటా ఎవరిది?



బెజవాడ వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల వ్యాపారం చేసే మీకు 'ఐపీ పెట్టాడు' అన్న మాట నేను విడమరచి చెప్పనక్కర్లేదు. తన దగ్గర అప్పు తీసుకున్నవాడు దివాలా పిటిషన్ వేశాడన్న ఆ కబురు తెలిసిన రాత్రి బీరువాలోంచి ప్రామిసరీ నోటు తీసి, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా పడిన సంతకాన్ని మళ్లీ మళ్లీ చూసుకునే మనిషిని తలచుకోండి. సంతకం నిజమే. కానీ వేలం డబ్బు దగ్గరికి సర్కారు కూడా తన బాకీ అడుగుతూ వస్తే?

1868లో బొంబాయి హైకోర్టుకు ఈ ప్రశ్నే వచ్చింది. బాంబే ల్యాండింగ్ అండ్ షిప్పింగ్ కంపెనీ దివాలా కేసది. ఇంగ్లండులో రాణిగారి బాకీకి ఉన్న ముందు హక్కు ఇక్కడా ఉంటుందని న్యాయమూర్తి వెస్ట్రాప్ తీర్పిచ్చారు. ప్రత్యేకించి ఏ చట్టమూ అడ్డు రానంతవరకే అని ఒక షరతూ పెట్టారు. ఇది తెల్లవాళ్లు మాత్రమే తెచ్చిన ఊహ కాదండీ. అప్పులు పుట్టిన వరసలోనే తీర్చాలి గానీ ముందు బ్రాహ్మణుడికి, ఆపైన రాజుకు ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది.

మన బెజవాడ అప్పట్లో మద్రాసు హైకోర్టు కిందిది. ఆ కోర్టు 1884లో చెప్పిన మాట నాకు మరీ ఇష్టం. పొలం తనఖా పెట్టిన రైతు సారా వేలంపాట పాడి కిస్తీ కట్టలేకపోయాడనుకోండి. సర్కారు ఆ పొలం వేలం వేస్తే తనఖా రద్దయిపోతుందా? 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం బకాయికి అమ్మిన భూమి మీద ఏ తాకట్టూ మిగలదు. అది ఆ భూమి శిస్తు బకాయికే గానీ సారా మీది అబ్కారీ బాకీకి కాదంది కోర్టు. భూమి మీద పడిన శిస్తు వేరు, మనిషి మీద పడిన బాకీ వేరు. తనఖాదారు బతికిపోయాడు.

నోటు మీద అప్పిచ్చినవాడికి ఆ రక్షణ లేదు. పన్ను బకాయే ముందని 1965లో సుప్రీంకోర్టూ తేల్చింది.

వెస్ట్రాప్ పెట్టిన షరతు 2016 దివాలా చట్టంతో పెద్ద పనే చేసింది. కంపెనీ ఆస్తులు అమ్మి పంచేటప్పుడు, హామీ లేకుండా అప్పిచ్చిన ఫైనాన్సు సంస్థలు కూడా సర్కారు కంటే ముందుకొచ్చాయి. అరువు మీద సరుకు పంపిన వ్యాపారి మాత్రం ఇంకా సర్కారు వెనకే ఉన్నాడు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ సరుకు బిల్లు మీద జీఎస్టీ ఆయన ఎప్పుడో కట్టేశాడు.