అధ్యాపక ఉద్యోగార్థి - బోధనా సంపుటి
(పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాలలో తెలుగులో అక్షరాలు దిద్ది, నేడు కళాశాల అధ్యాపక పదవులకు దరఖాస్తు చేసుకొంటున్న యువతీయువకుల చేతిలో సాధారణంగా కనిపించేది పట్టాల నకళ్లు, ప్రశంసాపత్రాలు నింపిన ఒక ఫైలు. అభ్యర్థి ఏమి చదివినదీ ఆ ఫైలు చెబుతుంది గాని, ఎట్లా బోధించేదీ చెప్పదు. ఆ లోటును పూరించేదే బోధనా సంపుటి, అనగా టీచింగ్ పోర్ట్‌ఫోలియో. కెనడా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయుల సంఘం దీని తయారీకి 1980లోనే మార్గదర్శిని ప్రకటించింది. 1991లో పీటర్ సెల్డిన్ ఈ విషయంపై అమెరికాలో ఒక గ్రంథం వెలువరించారు.

భారతదేశంలో దీనిని ఎవరు అడుగుతారన్న సందేహం కలుగవచ్చు. దరఖాస్తు పత్రంలో ఆ గడి సాధారణంగా ఉండదు, నిజమే. అయితే యూజీసీ 2018 నిబంధనలు సహాయ ఆచార్యుల నియామకంలో విద్యార్హతల మార్కులను ఇంటర్వ్యూ పిలుపు వరకే పరిమితం చేసి, ఎంపికను ఇంటర్వ్యూ ప్రతిభకే వదిలివేశాయి. "మీరు ఎట్లా బోధిస్తారు?" అన్న ప్రశ్నకు తడుముకొనకుండా జవాబు చెప్పగలిగేది, ముందుగా సంపుటిని కూర్చుకొన్న అభ్యర్థియే.

అందులో మొదట ఉండవలసినది ఒకటి రెండు పుటల బోధనా దృక్పథం. "విద్యార్థి కేంద్రిత బోధన" వంటి మాటలు అక్కడ ఎన్ని ఉన్నా తూకానికి రావు. భౌతికశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలి తరగతిని ఉదాహరణగా తీసుకొనవచ్చు. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠోన్నతి చేరిన క్షణాన దాని త్వరణమెంత? పలువురు విద్యార్థులు "సున్న" అని వ్రాస్తారు. వేగమూ త్వరణమూ రెండూ సున్న అయితే బంతి అక్కడే నిలిచిపోవలె గదా అని ఆమె ప్రశ్నిస్తుంది. వేగం-కాలం రేఖాచిత్రం గీయిస్తుంది. వారం తరువాత మరల పరీక్షిస్తుంది. మొదటి జవాబు, మార్చిన పాఠప్రణాళిక, తరువాతి జవాబు, ఈ మూడు కాగితాలు పది ప్రశంసాపత్రాల పెట్టు. రెండవసారి కూడా తప్పినవారుంటే ఆ జవాబులను దాచరాదు. (విద్యార్థుల పేర్లు మాత్రం తప్పక కొట్టివేయాలి.)

తెలుగులో బోధించినవారికి మరొక చిక్కు. తమ పాఠప్రణాళికలను బెంగుళూరులోనో చెన్నైలోనో ఎంపిక సంఘం చదువలేదని సంకోచించి, వాటిని సంపుటి నుండి తీసివేస్తుంటారు. అది పొరపాటు. మూలాన్ని అట్లే ఉంచి, పక్కన నాలుగు వాక్యాల ఆంగ్ల సారాంశం జతపరిస్తే చాలు. ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష వినే పిల్లలకు పాఠం చెప్పగల నేర్పు సామాన్యమైనది కాదు. దానికి సాక్ష్యం ఆ పుటలే.

తల్లిదండ్రులు చేయగల సాయం ఒకటుంది. ఇల్లు సర్దేటపుడు పాత నోటుపుస్తకాలను చిత్తుకాగితాలవారికి అమ్మివేయకూడదు. శిక్షణకాలపు పాఠప్రణాళికలు, వాటి అంచున పర్యవేక్షకులు ఎర్రసిరాతో వ్రాసిన వ్యాఖ్యలు మరల లభించవు. ఉద్యోగ ప్రకటన చూచిన తరువాత పదిహేను రోజులలో హడావుడిగా కూర్చిన సంపుటిలో తరచుగా లేకుండా పోయేవి ఆ కాగితాలే.