జబ్బ కొలిచే పట్టీ

సోమాలియా సంగతి రెండు ముక్కలు చెబుతాం. 2010-12 కరువులో అక్కడ సుమారు 2,58,000 మంది చనిపోయారని అంచనా. అందులో సగం పైగా అయిదేళ్ల లోపు పిల్లలే.

ఇప్పుడు అక్కడ చాలాచోట్ల తల్లుల చేతికే రంగుల పట్టీ ఇచ్చి, బిడ్డ జబ్బ కొలవడం నేర్పుతున్నారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు, వెంటనే వైద్యానికి తీసుకుపోవాలి. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది కదా! గర్భిణులకు, బాలింతలకు కూడా జబ్బ కొలుస్తారు.

బక్కచిక్కిన పిల్లలకు పెట్టేది ఏమిటనుకున్నారు? మన వేరుశనగ ముద్దే! పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలుపుతారు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. మంచినీళ్లు దొరకని చోట అదెంత మేలో బిందెలు మోసిన మనకు తెలుసు.

మన అంగన్‌వాడీలో పిల్లల్ని కొలిచేటప్పుడు మనలో ఎంతమందిమి పక్కనుండి చూశాం? నిజం చెప్పాలంటే మేమూ చూడలేదు. వచ్చే నెల మీటింగుకి టీచరమ్మను పిలుస్తాం, పిల్లల్ని ఎత్తుకు రండి.