అరుణ్ ఖేత్రపాల్ స్మృతి
(సంఘ వార్షికసభయందు చేసిన యుపన్యాసము)



మన వార్షికసభలయందు మనవారిలోఁ బేరువడసినవారిని స్మరించుట యాచారము. నేఁడు నేను స్మరింపఁబూనిన బాలుఁడు మన కులమువాఁడు కాఁడు, మన భాషవాఁడును గాఁడు. కార్యదర్శిగా రిందులకుఁ గొంచెము సంశయించిరి. పిదప వృద్ధుఁడనని యనుగ్రహించిరి.

అరుణ్ ఖేత్రపాల్ 1950 అక్టోబరు 14వ తేదీని పూనాలో జనించెను. తండ్రి ఎం. ఎల్. ఖేత్రపాల్ సైన్యములో ఇంజనీరు శాఖయం దధికారి. వారి స్వస్థలమైన సర్గోధా దేశవిభజనముతోఁ బాకిస్థానమునఁ జేరెను. బాలుఁడు సనావరులోని లారెన్సు పాఠశాలయందును, పిమ్మట సైనికవిద్యాలయములందును జదివి, 1971 జూను 13వ తేదీని 17వ పూనా హార్సు అను టాంకుల పటాలములో సెకండు లెఫ్టినెంటుగాఁ జేరెను.

ఆఱు మాసములు నిండకుండనే యుద్ధము వచ్చెను. 1971 డిసెంబరు 15వ తేదీ రాత్రి షకర్‌గఢ్ ప్రాంతమున మన కాల్బలము బసంతర్ నదిని దాఁటి యావలియొడ్డునఁ గాలూనెను. టాంకులు పోవలెనన్న శత్రువులు భూమిలోఁ బాతిన మందుపాతరలను దీసివేయవలెను. ఆ పని పూర్తికాకమునుపే యావలివారు టాంకులు కావలెనని కబురంపిరి. పూనా హార్సువా రాలోచించుచుఁ గూర్చుండక పాతరల నడుమనుండియే సాగిరి.

మఱునాఁటి యుదయమున జర్పాల్‌వద్ద శత్రువుల ప్యాటన్ టాంకులు పొగచాటున దాడి వెడలెను. అచటి దళనాయకుఁడు సాయము గోరఁగా, సమీపమున నున్న అరుణుఁడు తన టాంకులతోఁ బోయి యెదిర్చెను. అతని టాంకునకు ఫామగుస్తా యని పేరు. నాలుగు శత్రుటాంకుల నాతఁడు ధ్వంసము చేసెనని చెప్పుదురు. తన టాంకునకును దెబ్బ తగిలి నిప్పంటుకొనెను. విడిచి వెలుపలికి రమ్మని పైయధికారి రేడియోలో నాజ్ఞాపించెను. ఫిరంగి యింకను బనిచేయుచున్నదనియు, టాంకును విడువననియు బదులు చెప్పి, పోరుచునే మరణించెను. వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు, రెండు మాసములు. ఆనాఁడే ఢాకాలోఁ బాకిస్థాను సేన లొంగిపోయెను. మఱునాఁటితోఁ బశ్చిమమునఁ గూడ యుద్ధము నిలిచెను. ఒక్క దినము!

నేను ముప్పదియేండ్లకుఁ బైగా పాఠశాలలో నాజ్ఞాపాలనమునే బోధించితిని. ఆ బాలుఁ డాజ్ఞను మీఱుట యొప్పా తప్పా యని యొక విద్యార్థి యడిగినప్పుడు నాకు సమాధానము తోఁపలేదు, ఇప్పటికిని దోఁపలేదు. ప్రభుత్వము పరమవీరచక్ర మిచ్చినది గదా యందురు. కన్నతల్లి యెదుట నిలిచి యా మాట యనఁగలమా?

ఇట్టివానిని సభలయం దభిమన్యునితోఁ బోల్చుదురు. నేనును బోల్చితిని. ఇప్పుడా పోలిక నాకు రుచింపదు. అభిమన్యునకు వ్యూహమునుండి వెలువడు విద్య తెలియదు. సైంధవుఁడు తనవారి నడ్డఁగా, ఒంటరియైన యాతనిఁ బెక్కురు మహారథులు చుట్టుముట్టిరి. అరుణునకో, వెలువడు త్రోవయుఁ గలదు, రమ్మను పిలుపును గలదు. మఱియు నచటఁ దండ్రి మఱునాఁటి సూర్యాస్తమయములోపల సైంధవుని వధింతునని శపథము చేసెను. ఇచటి తండ్రి కథ వేఱు.

2001వ సంవత్సరమున, ఎనుబదియొక్కయేండ్ల ప్రాయమున, బ్రిగేడియరు ఖేత్రపాల్ తాను బుట్టిన సర్గోధాను జూడ నాసపడి పాకిస్థానమునకుఁ బోయెను. లాహోరులో ఖ్వాజా మహమ్మద్ నాసర్ అను బ్రిగేడియరు తన గృహమున నాతిథ్య మొసంగెను. ఇంటిల్లిపాదియు నాయన నెంతయో యాదరించిరి. తిరుగుప్రయాణమునకు ముందటి రాత్రి గృహస్థుఁడు నోరు విప్పెను. ఆనాఁడు తాను శత్రుపక్షమునఁ బోరాడితిననియు, అరుణుఁడు తన చేతనే మరణించెననియు, ఆ బాలుని ధైర్యమునకు నమస్కరించుచున్నాననియుఁ జెప్పెను. చెప్పక సాగనంపుట యెంత సులభము! ముప్పదియేండ్లు గడచినవి, అడుగువారు లేరు.

కుమారుని వధించినవాని యింటి యన్నము భుజించి, ఆ మాటయు విని, వృద్ధుఁడు పరుషవచన మాడలేదు. మఱునాఁ డిరువురును ఛాయాపటములు దీయించుకొనిరి. పిమ్మట నవి నాసరు వ్రాసిన చిన్న లేఖతోఁ గూడ ఢిల్లీకిఁ జేరినవి.