ఒక పిన్నుకు ఎన్ని పంకాలు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి మాట్లాడవలసిన వేదిక మీద ఈ పంకాల గోల ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని మొన్న మే నెలలో మన పిల్లల కంప్యూటర్ నేర్పు ఇరవై రోజులు ఆగింది ఈ పంకాల వల్లనే. తప్పు మాది. కనుక ఆ సంగతి దాచకుండా చెప్పుకోవలసిన బాధ్యతా మాదే.

జరిగింది ఇది. సంఘం గదిలో ఉన్నవి పాత డెస్క్‌టాప్‌లు. గదికి పైన రేకులు, ముందు రోడ్డు దుమ్ము. ఎండలు ముదిరేసరికి ఒక కంప్యూటర్ వేడెక్కి, పని మధ్యలో దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది. పంకాలు పెంచితే సరిపోతుంది కదా అనుకున్నాము. ఐదు పంకాలు తెచ్చి, వై ఆకారపు వైర్లను ఒకదానికొకటి తగిలించి, అన్నింటినీ మదర్‌బోర్డు మీద ఒకే పిన్నుల చోట గుచ్చేశాము. వారం రోజులు హాయిగా నడిచింది. ఎనిమిదో నాడు కాలిన వాసన! పంకాలన్నీ ఆగాయి, బోర్డు పోయింది. పరీక్షకు తయారవుతున్న ఒక అమ్మాయి తల్లి వచ్చి, "మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందండీ?" అని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఇంతకూ ఎక్కడ పొరబడ్డాము? పెళ్ళి షామియానాలో ఒకే బోర్డుకు కూలరు, లైట్లు, మైకు అన్నీ తగిలిస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. ఇదీ అంతే. మదర్‌బోర్డు మీది ఒక పంకా పిన్ను సాధారణంగా 12 వోల్టుల మీద 1 ఆంపియరు వరకే భరిస్తుంది. వై వైరుతో కలిపిన ప్రతి పంకాకూ 12 వోల్టులూ అందుతాయి గాని, అవి లాగే కరెంటు మాత్రం కూడుకుంటూ పోతుంది. మా పంకాల మీద 0.3 ఆంపియర్లని రాసి ఉంది. ఐదు కలిస్తే 1.5. చీటీ చదివి కూడిక చేసి ఉంటే సరిపోయేది, మేము చేయలేదు. పైగా పంకా తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఇంకొంచెం ఎక్కువే లాగుతుంది. అందుకని హద్దు దాకా పోకుండా కొంత మిగులు ఉంచుకోవాలి. 0.2 ఆంపియర్ల పంకాలు మూడైతే 0.6. అది ఫరవాలేదు.

అంతకు మించి కావాలంటే దారి ఉంది. ఫ్యాన్ హబ్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. అది కరెంటును నేరుగా ఎస్.ఎం.పి.ఎస్. నుంచి సాటా వైరు ద్వారా తీసుకుంటుంది. బోర్డు నుంచి తీసుకునేది ఎంత వేగంగా తిరగాలనే కబురు మాత్రమే. బరువు మోసేది ఒకరు, హుకుం ఇచ్చేది ఇంకొకరు అన్నమాట. వేగం మారాలంటే నాలుగు పిన్నుల పంకాలే కొనండి. మూడు పిన్నులవి ఇలాంటి హబ్ మీద సాధారణంగా ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి. మోలెక్స్ వైరుకు నేరుగా కలిపినా అంతే, చప్పుడు కూడా ఎక్కువ. అందులో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు రెండూ గ్రౌండు. ఇవి తారుమారు కానివ్వకండి.

ఇంకొక మాట. ఎన్ని పంకాలు కలిపినా బోర్డుకు కనిపించేది ఒక్క పంకా వేగమే. మిగతావాటిలో ఒకటి ఆగినా దానికి తెలియదు. వారానికొకసారి మనమే కళ్ళతో చూసుకోవాలి. ప్రాసెసర్ మీది పంకాను మాత్రం దాని సొంత పిన్ను నుంచి ఎన్నడూ తీయకూడదు.

గాలి దారి కూడా ముఖ్యమే. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనుక నుంచి, పై నుంచి వేడిగాలి బయటికి. పంకా ఎటు ఊదుతుందో చాలావాటి అంచున బాణం గుర్తు చెబుతుంది. అన్నీ ఒకే వైపు లాగితే లాభం లేదు. ముందు జాలీకి దుమ్ము గుడ్డ ఉంచి, నెలకొకసారి దులపాలి. దులిపేముందు ప్లగ్గు తీయండి, రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఆఖరుగా, పంకా గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది గాని దానిని చల్లబరచదు. రేకుల కింద గది ఉడుకుతుంటే పెట్టెలో పది పంకాలున్నా వచ్చేది ఉడుకు గాలే. అందుకే ఈసారి మొదటి ఖర్చు పంకాలకు కాదు. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలకు, రేకుల మీద నీడకు. మన మర్రిచెట్ల రోడ్డు మీద నడిచినవారికి నీడ విలువ మేము చెప్పనక్కరలేదు.

కంప్యూటరు మళ్ళీ నడుస్తున్నది. ఆ అమ్మాయి కూడా వస్తున్నది. ఈసారి హబ్‌ను బిగించింది తనే. మేము పక్కన నిలబడి ఆంపియర్లు కూడుతూ ఉన్నాము. సంఘం పనులైనా అంతే కదా. ఒక్కరి నెత్తిన అంతా పెడితే వారం రోజులే నడుస్తుంది.