ఒక్క ఛానెల్ నాటి ఆదివారాలు



ఏం చూడాలన్న ప్రశ్నే లేని కాలం ఒకటుండేది. టీవీ పెట్టామంటే దూరదర్శనే. అది చూపిందే చూడాలి, చూపినప్పుడే చూడాలి. 1980లలో పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇవాళ నలభై, యాభై ఏళ్ళవాళ్ళు. ఆ రోజుల మాటెత్తితే చాలు, వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. ఆ వెలుగులో నిజమెంత, మురిపెమెంత? ముఖ్యంగా కన్నడనాట తెలుగు మాట్లాడుకుంటూ బతుకుతున్న మన బళ్లారి ఇళ్ళకు ఆ ఒక్క ఛానెల్ ఏమిచ్చింది, ఏమివ్వలేదు? ఈ పూట ఆ సంగతి కాసేపు చెప్పుకుందాం.

మన చుట్టుపక్కలకు టీవీ 1975లోనే వచ్చింది. కాని మనల్ని దాటుకొని పోయింది. ఆ ఏడాది ఆగస్టు 1న 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు ఆకాశంనుంచి నేరుగా దిగాయి. కోళ్ళ గూటికి కొట్టే ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, దాని కింద హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైన టీవీ. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపూరు జిల్లాల పల్లెలకు కన్నడంలో. ఆంధ్రలో కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల పల్లెలకు తెలుగులో. అంటే మనకు ఉత్తరాన కన్నడం, తూర్పున తెలుగు. నడుమనున్న బళ్లారి ఆ పట్టికలో లేదు.

సరిహద్దు జిల్లాకు ఇది కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. గీత గీసేవారికి తాలూకాలు కనిపిస్తాయి. ఒకే ఇంట్లో వంటింట తెలుగు, వాకిట కన్నడం మాట్లాడే మనుషులు కనిపించరు.

1982 ఆగస్టు 15న ఢిల్లీనుంచి జాతీయ కార్యక్రమం, దానితోపాటు రంగుల ప్రసారం మొదలయ్యాయి. ఆ ఏడాది చివర ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. 1983 ఆగస్టులో ఇన్శాట్-1బీ ఉపగ్రహం పైకి లేచింది. ఆ మీదట చిన్న ట్రాన్స్‌మిటర్లు ఊరూరా వెలిశాయి. ఒక్కొక్క దాని పరిధి ఇరవై, పాతిక కిలోమీటర్లు. అక్కడినుంచే మనందరికీ తెలిసిన మిద్దెమీది నాటకం మొదలు. గాలి వీచినా, కాకి వాలినా, కోతి ఊపినా యాంటెన్నా తిరిగిపోయేది. ఒకడు పైన, ఒకడు వాకిట్లో, ఒకరు టీవీ ముందు.

"వచ్చిందా?"

"లేదన్నా! ఇంకొంచెం గుడ్డవైపు తిప్పు!"

"ఇప్పుడు?"

"వచ్చింది, వచ్చింది... అయ్యో, పాయె!"

బొమ్మ నిలిచేసరికి సగం కార్యక్రమం అయిపోయేది. మిగతా సగంలో కరెంటు పోయేది. అది రెండూ కాకుంటే, అంతరాయానికి చింతిస్తున్నామని ఢిల్లీవాళ్ళే హిందీలో పలక పెట్టేవారు.

ఇక ఆదివారం పొద్దు. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. 1988 జులై 31 వరకు నడిచింది. ఆ అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలై 1990 జూన్ 24న ముగిసింది, మొత్తం 94 భాగాలు. పెందలాడే తలకు పోసుకొని, ఒగ్గాని, మిరపకాయ బజ్జి తినేసి, టీవీ ఉన్న ఇంటికి చేరేవాళ్ళం. ముందు వరసలో పిల్లలు, వెనక అవ్వలు, గోడవారన మగవాళ్ళు. తెరమీద రాముడు కనబడితే దండం పెట్టేవాళ్ళు కూడా ఉండేవారు.

ఇక్కడొక విచిత్రం. ఆ గదిలో సగంమందికి హిందీ రాదు. అయినా కథ అందరికీ తెలిసిపోయేది. ఎలాగంటారా? ఇది బళ్లారి రాఘవ పుట్టించిన నాటకాభిమానం ఇంకా ఆరని ఊరు. తోలుబొమ్మలాటలో, పద్యనాటకంలో రామాయణ భారతాలు చూసి పెరిగిన అవ్వాతాతలకు కథ ముందే వచ్చు. 'పితాశ్రీ', 'భ్రాతాశ్రీ', 'ప్రతిజ్ఞ', 'వచనం' అన్న సంస్కృత పదాలు వాళ్ళకు పద్యాల్లో విన్న మాటలే. క్రియాపదాల దగ్గర మాత్రం తడుముకునేవారు. అవి పక్కింటి ముస్లిం అక్కలకు, అన్నలకు తెలుసు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళకు ఆ హిందీ ఏమంత కష్టం? వాళ్ళు క్రియ చెబితే తాత నామవాచకం చెప్పేవాడు. ఇద్దరూ కలిసి శ్రీకృష్ణుడి మాటను తెలుగులోకి దించేవారు. ఆ మహాభారతానికి సంభాషణలు రాసింది రాహీ మాసూమ్ రజా అనే సంగతి మాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. తెలిసినప్పుడు ఆశ్చర్యం కలగలేదు. మా గదిలో జరిగిందీ అదే కదా.

శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' ఇంకో ముచ్చట. మాట హిందీ, ఊరు మన కర్ణాటకలోని ఆగుంబె. స్వామి తండ్రిగా గిరీశ్ కర్నాడ్, స్వామిగా మాస్టర్ మంజునాథ్. భాష తెలియకపోయినా ఆ అరుగులు, ఆ బడి గంట, ఆ అవ్వ మనవే అనిపించేవి. 1988 ఆగస్టు 15న మొదటిసారి ప్రసారమైన 'మిలే సుర్ మేరా తుమ్హారా' పాటలో కన్నడమూ తెలుగూ రెండూ వినిపిస్తే, రెండుసార్లు మురిసిపోయింది సరిహద్దు ఇళ్ళవాళ్ళే.

అయితే శ్రోతలారా, ఆ కాలాన్ని బంగారు కాలమని ఊరికే పొగడడం న్యాయం కాదు. ఆ గదిలోకి అందరికీ ఒకటే పిలుపు ఉండేది కాదు. కొందరు పిల్లలు చాపమీద కూర్చుంటే, కొందరు గడప దగ్గర, మరికొందరు కిటికీ చువ్వలు పట్టుకొని వీధిలో నిలబడి చూశారు. ఎవరెక్కడన్నది డబ్బు నిర్ణయించింది, కులమూ నిర్ణయించింది. కిటికీ బయటనుంచి చూసినవాడి జ్ఞాపకం వేరుగా ఉంటుంది. దాన్నీ మన జ్ఞాపకాల్లో కలుపుకోవాలి.

రెండో లోటు భాష. ఢిల్లీ కార్యక్రమాలు హిందీలో, ఇంగ్లీషులో. రాష్ట్రం కార్యక్రమాలు బెంగళూరునుంచి కన్నడంలో. హైదరాబాదు దూరదర్శన్‌లో 1983 నవంబరు 14నుంచి శాంతిస్వరూప్ గారు తెలుగు వార్తలు చదువుతుంటే, మనం సెలవులకు అటువైపు బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూసి వచ్చేవాళ్ళం. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. జాతీయ ప్రసారంలో ఆదివారం మధ్యాహ్నం బధిరుల వార్తలు అయ్యాక ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. బెంగాలీ, మలయాళం, అస్సామీ అన్నీ అయి ఎప్పుడో తెలుగు వంతు వచ్చేది. ఆ రోజు తెలుగువాళ్ళిల్లు పెళ్ళిల్లే. కన్నడం ఇరుగుపొరుగును కూడా పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని మాట మాటా విడమరచి చెప్పేవాళ్ళం.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్ తీగ ఇంట్లోకి వచ్చింది. తెలుగు కరువు తీరింది. ఇవాళ చేతిలో సెల్‌ఫోను, అందులో అడిగినంత తెలుగు. 2020 మార్చిలో లాక్‌డౌన్ నాడు దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేస్తే చాలా ఇళ్ళలో మూడు తరాలు మళ్ళీ ఒకచోట కూర్చున్నాయి. తర్వాత ఎవరి ఫోను వారిదే.

ఆలోచిస్తే నాకొకటి తోస్తుంది. ఆనాడు మన టీవీకి తెలుగు రాదు, గదికి వచ్చు. తెరమీద హిందీ నడుస్తుంటే, "ఏమంటాండాడు తాతా?" అని పిల్లవాడు అడిగేవాడు. జవాబు తెలుగులో వచ్చేది. 'శపథం' అంటే ఏమిటో, 'వనవాసం' ఎందుకో అలా నేర్చుకున్నాడు. నేడు తెరకు తెలుగు వచ్చు, గది మాట్లాడదు. బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివే మన పిల్లలకు తెలుగు నేర్పే బడి ఇల్లొక్కటే. ఆ ఇంట్లో అడిగేవారు, చెప్పేవారు లేకపోతే ఎన్ని ఛానెళ్ళున్నా భాష నిలవదు.

పోయిన కాలం తిరిగి రాదు, రావలసిన అవసరమూ లేదు. వారానికి ఒక్క పూట, ఇంటిల్లిపాదీ ఒకే తెర ముందు కూర్చోండి. ఏదైనా సరే, ఏ భాషైనా సరే. అవ్వను మధ్యలో కూర్చోబెట్టండి. పిల్లలు అడిగితే ఆపి చెప్పండి. పక్కింటివాళ్ళు తలుపు దగ్గర నిలబడితే లోపలికి పిలవండి. ఈసారి ఎవరూ కిటికీ బయట ఉండకూడదు.