నొప్పుల వేళ జ్వరం

దోహాలో సీ రింగ్, డీ రింగ్ రోడ్ల నడుమ ఈ అల్ హిలాల్‌లో కాపురముంటున్న మన ఆడపిల్లల్లో కాన్పుకి పుట్టింటికి వెళ్లేవాళ్లు కొందరు, ఇక్కడే పురుడు పోసుకునేవాళ్లు కొందరు. ఇక్కడ ఉండిపోయినవాళ్ల పక్కన చాలాసార్లు అమ్మా ఉండదు, అత్తగారూ ఉండరు. ఫోన్లో సలహాలకి మాత్రం లోటుండదు. “ఒళ్లు కాలుతోందా? వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు” అన్నది వాటిలో ఒకటి. నొప్పులు మొదలయ్యాక ఆ సలహా వినకండి.

ఇక్కడి ఆసుపత్రి చార్టులో 38 డిగ్రీలు, మన ఇళ్ల లెక్కలో 100.4. అది చేరితే జ్వరమే. కడుపులో బిడ్డ తన ఒంటి వేడిని తల్లికే అప్పజెప్పాలి, వేరే దారి లేదు. అందుకే బిడ్డ ఒళ్లు తల్లికంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఎక్కువ వెచ్చగా ఉంటుంది. తల్లికి 39 ఉంటే బిడ్డకి 40కి దగ్గరన్నమాట. వేడెక్కిన మెదడుకి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే అది తక్కువైతే మెదడు దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. పుట్టేటప్పుడు ఊపిరాడక దెబ్బతిన్న బిడ్డల్ని 72 గంటలపాటు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి మెదడును కాపాడే వైద్యం ఇప్పుడుంది. చల్లదనమే మందయ్యే చోట జ్వరం ఎంత చెరుపో ఆలోచించండి.

జ్వరం ఎందుకొచ్చిందన్నది అసలు చిక్కు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, లోపలి పరీక్షలు ఎక్కువసార్లు జరిగినా క్రిములు పైకి పాకుతాయి. గ్రూప్ బీ స్ట్రెప్, ఈ కోలై వీటిలో ముఖ్యం. ఇక నొప్పి తెలియకుండా నడుముకి ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుమందు. దానితోనూ ఒళ్లు వేడెక్కుతుందని 1989లోనే లండన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో రాశారు. అమెరికాలో 400 మంది తొలిచూలు తల్లులపై జరిపిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. అందులో సగం మందికి ఎపిడ్యూరల్‌కి ముందే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ నూటికి దాదాపు నలభై మందికి జ్వరం వచ్చింది. అంటే అది చాలావరకు క్రిముల పని కాదు. అలాగని ఎపిడ్యూరల్ వద్దని నేననను. నొప్పి ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

ఏ జ్వరం ఏదో ఆ క్షణాన తేల్చే పరీక్ష లేదు. అందుకే అనుమానం మీద తల్లికి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు, పుట్టాక బిడ్డని ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉంటారు, అవసరమైతే రక్తం తీస్తారు. “పాప బాగానే ఉందిగా, సూదులెందుకు?” అని మన నాన్నలు నర్సులతో గొడవపడుతుంటారు. పసిగుడ్డుకి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడిపోవచ్చు కూడా. పాలు పట్టకపోవడం, ఒళ్లు వేలాడేయడం, మూలుగుతూ ఎగశ్వాస తీయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు.

హమద్ వారి ఉమెన్స్ వెల్‌నెస్ అండ్ రీసెర్చ్ సెంటర్ మనకేమీ దూరం కాదు. దయచేసి, జ్వరం ఉంటే ఇంట్లో డోలో వేసుకుని దాచిపెట్టి రాకండి. వేసుకునే ఉంటే ఎప్పుడు వేసుకున్నారో, ఉమ్మనీరు ఎన్ని గంటలకి పోయిందో ఒక కాగితం మీద రాసి, అడుగు పెట్టగానే నర్సు చేతికివ్వండి.