ఏ ఆమ్లం పేరుకుంది?

నూజివీడు రసాల కాలంలో డాక్టర్లు షుగర్ గురించి హెచ్చరిస్తారు, నేను ఆమ్లాల సంగతి చెబుతాను. పండు పులుపుతో రక్తం ఆమ్లమైపోదులెండి. రక్తం పీహెచ్ 7.35 కంటే తగ్గితే, ఏ ఆమ్లం పేరుకుందన్నదే అసలు ప్రశ్న.

ఇన్సులిన్ చాలకపోతే కీటోన్ ఆమ్లాలు. వీటిలో ఎక్కువ భాగం బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లం. మూత్రంలో ముంచే పట్టీకి అది చిక్కదు, అందుకే రక్తపరీక్ష మేలు. కణాలకు ఆక్సిజన్ అందకపోతే లాక్టిక్ ఆమ్లం. ఇక కిడ్నీలు చెడితే సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు బయటికి పోవు. కిడ్నీ జబ్బు బాధ మన పక్కనే ఉన్న ఎ.కొండూరు తండాలకు బాగా తెలుసు. ఆ ఫాస్ఫేట్లలోని ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ప్రకటించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

షుగర్ ఉన్నవాళ్లకు కీటోన్ ఆమ్లాలు పేరుకున్న గుర్తుగా వాంతులు, ఆయాసం, నోట పండిన పండు వాసన వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.